పెట్రోలా, గ్యాసా, కరెంటా: బెంగళూరులో బండి కొనేముందు వేసుకోవలసిన లెక్క

బండి కొనబోయేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "కిలోమీటరుకు ఎంత పడుతుంది?" అని. మంచి ప్రశ్నే, కానీ సగం ప్రశ్న. ఆ ఖర్చులో ఇంధనం ఖరీదు ఎంత, ప్రభుత్వాలకు పోయే పన్ను ఎంత అన్నది మిగతా సగం. అది తేల్చుకోకుండా ఏడెనిమిదేళ్ళు వాడే బండిని ఎంచుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. బండి మైలేజ్ కొన్న తర్వాత పెద్దగా మారదు. పన్ను మాత్రం రాత్రికి రాత్రే మారిపోతుంది.

నేను రామమూర్తి నగర్‌లో ఉంటూ చిన్న వ్యాపారుల జీఎస్‌టీ, ఇన్‌కమ్ టాక్స్ పనులు చూస్తాను. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది మనవైపువాళ్ళే. కదిరి, మదనపల్లె, హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ కర్రీ పాయింట్లు, పీజీలు, హార్డ్‌వేర్ షాపులు నడుపుతున్నవాళ్ళు. వాళ్ళ కోసం వేసే లెక్కనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అంకెలు బెంగళూరువి, 2025 చివరినాటివి. మీరు లెక్క వేసే రోజు బంకు బోర్డు మీద, బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) బిల్లు మీద ఉన్నవి వేసుకోండి. పద్ధతి అదే.

ముందు లీటరును విడదీయండి

పెట్రోల్, డీజిల్, సహజవాయువు, ముడిచమురు, విమాన ఇంధనం, ఈ ఐదూ జీఎస్‌టీలో లేవు. వీటి మీద కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది, ఆ పైన రాష్ట్రం తన అమ్మకపు పన్ను వేస్తుంది. 2025 ఏప్రిల్‌లో 2 రూపాయలు పెంచాక పెట్రోల్ మీద ఎక్సైజ్ లీటరుకు 21.90, డీజిల్ మీద 17.80 అయింది. కర్ణాటక పన్ను పెట్రోల్ మీద 2024 జూన్‌లో 25.92 నుంచి 29.84 శాతానికి పెరిగింది. డీజిల్ మీద అదే నెలలో 18.4కి, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెరిగింది.

పెట్రోల్ ధర 102.92 అనుకోండి. రాష్ట్ర పన్ను ఎంతో తెలియాలంటే ఆ ధరను 29.84తో గుణించి 129.84తో భాగించండి. 23.65 వస్తుంది. దానికి ఎక్సైజ్ కలిపితే 45 రూపాయల 55 పైసలు. అంటే లీటరులో 44 శాతం పన్నే. మిగిలిన 57 రూపాయల చిల్లరలో ముడిచమురు, రిఫైనరీ, రవాణా, బంకు కమీషన్ అన్నీ ఉన్నాయి. డీజిల్ 91 రూపాయలైతే ఇలాగే రాష్ట్రానికి 15.90, కేంద్రానికి 17.80, మొత్తం 33.70.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రాష్ట్రం తన శాతాన్ని ఎక్సైజ్ కలిసిన ధర మీద లెక్కిస్తుంది. పన్ను మీద పన్ను అన్నమాట. కేంద్రం 2 రూపాయలు పెంచితే లెక్క ప్రకారం బెంగళూరులో 2.60 పెరగాలి. 2025 ఏప్రిల్‌లో అలా పెరగలేదు, ఆ భారం బంకు ధరలోకి రాకుండా ఆయిల్ కంపెనీల దగ్గరే ఆగింది. ప్రతిసారీ అలా ఆగుతుందని ఏమీ లేదు.

రాష్ట్ర పన్ను తేడా ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరికి పోయేటప్పుడు కొడికొండ చెక్‌పోస్ట్ దాటకముందే బాగేపల్లిలో ట్యాంకు నింపించుకునే అలవాటు అందుకే వచ్చింది. ఆంధ్రలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్ (అక్కడి అమ్మకపు పన్ను), దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అదే పెట్రోలు హైవే మీద కాస్త ముందుకు పోతే లీటరుకు ఆరేడు రూపాయలు ఎక్కువ. ఆ ఆరేడు రూపాయల్లో చమురు ఖరీదు ఏమీ లేదు, అంతా పన్ను తేడానే.

తర్వాత అన్నిటినీ యూనిట్లలోకి మార్చండి

లీటరు, కిలో, యూనిట్ పక్కపక్కన పెడితే పోల్చలేం. కరెంటు యూనిట్‌నే కొలతగా పెట్టుకుంటే తేలిక. లీటరు మామూలు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, డీజిల్‌లో 10, కిలో సీఎన్‌జీలో 13.5. ఇథనాల్‌లో లీటరుకు 6 లోపే.

ఈ చివరి అంకె వల్లే ఈ20 పెట్రోల్ గురించి ఇంత గొడవ. నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరిలో ప్రధాని మొదలుపెట్టింది మన బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్‌లో. ఇప్పుడు దాదాపు ప్రతి బంకులో అదే. కలిపాక లీటరులో శక్తి 8.3 యూనిట్లకు దిగుతుంది, అంటే సుమారు 7 శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికలో కూడా పాత డిజైన్ కార్లకు 6 నుంచి 7 శాతం, టూవీలర్లకు 3 నుంచి 4 శాతం, ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కొత్త కార్లకు 1 నుంచి 2 శాతం మైలేజ్ తగ్గుతుందని రాశారు. పన్ను కోణంలో నాకు నచ్చనిది ఏమిటంటే, బ్లెండింగ్‌కు వెళ్ళే ఇథనాల్ మీద జీఎస్‌టీ 5 శాతమే. కానీ బంకులో మనం కొనే లీటరు ధర తగ్గలేదు, రాష్ట్రం శాతం మొత్తం లీటరు మీదే పడుతుంది. శక్తి తగ్గిన లీటరుకు పాత పన్నే కడుతున్నాం. 2018 మోడల్ కారు ఉన్నవాళ్ళు కంపెనీ చెప్పిన మైలేజ్ పక్కన పెట్టి, ఇప్పుడు వస్తున్న మైలేజ్‌తోనే లెక్క వేయాలి.

ఇక యూనిట్ ధరలు చూడండి. ఈ20 పెట్రోల్‌లో యూనిట్ శక్తి 12.40 పడుతుంది, డీజిల్‌లో 9.10. సీఎన్‌జీ కిలో 89 అనుకుంటే 6.60. ఇంటి కరెంటు పన్నుతో కలిపి 6.68. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20, దాని పైన జీఎస్‌టీ కలిపి 23.60. అంటే బయట ఛార్జ్ చేసే కరెంటు పెట్రోల్ కంటే దాదాపు రెట్టింపు ఖరీదైన శక్తి! అయినా కిలోమీటరుకు వచ్చేసరికి చవకే అవుతుంది. కారణం చక్రం దాకా చేరే శక్తిలో ఉంది. పెట్రోల్ ఇంజన్ తాగినదాంట్లో ముప్పాతిక వంతు వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటార్‌లో ఛార్జింగ్ నష్టం పోను కూడా ముప్పాతిక వంతు చక్రానికి చేరుతుంది. బెంగళూరు ట్రాఫిక్‌లో చిన్న పెట్రోల్ కారు యూనిట్ శక్తితో కిలోమీటరున్నర, కిలోమీటరు ముప్పావు పోతే, ఆ సైజు కరెంటు కారు ఏడు కిలోమీటర్లు పోతుంది.

మీ మైలేజ్ మీరే కొలవండి

బ్రోచర్ మైలేజ్‌తో వేసిన లెక్కకు విలువ లేదు. పెట్రోల్ బండికి ఆటో కట్ అయ్యేదాకా నింపించి, మీటర్ రాసుకుని, మళ్ళీ అదే బంకులో ఆటో కట్ దాకా నింపించండి. పోసిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే సరి. సిల్క్ బోర్డ్, హెబ్బాళ వైపు రోజూ తిరిగే చిన్న కారుకు 14 వస్తే మామూలే. ఆదివారం నంది హిల్స్ వెళ్ళొచ్చినప్పుడు వచ్చిన 19ని ఇందులో కలపకండి.

కరెంటు బండికి డాష్‌బోర్డు మీద కనిపించే అంకె నమ్మొద్దు. అది బ్యాటరీలోంచి బయటికి వచ్చిన కరెంటు. మీరు బిల్లు కట్టేది గోడలోంచి వచ్చినదానికి. మధ్యలో ఛార్జర్ వేడిలో, బ్యాటరీ వేడిలో 10 నుంచి 15 శాతం పోతుంది. రాత్రి ప్లగ్ పెట్టేముందు కరెంటు మీటర్ రీడింగ్ ఒక ఫోటో తీసుకోండి, పొద్దున తీసేటప్పుడు ఇంకో ఫోటో. ఫ్రిజ్, ఫ్యాన్ల వాడకం కింద రెండు యూనిట్లు తీసేసి మిగిలింది బండిదే. నేను కింద వాడే 7 కిలోమీటర్లు గోడ దగ్గర కొలిచిన లెక్క. స్కూటర్లకు 30 దాకా వస్తుంది.

ఇప్పుడు కిలోమీటరు ఖర్చు, అందులో పన్ను విడివిడిగా రాయండి. పెట్రోల్ కారు 7.35, అందులో పన్ను 3.25. డీజిల్ 17 మైలేజ్‌తో 5.35, పన్ను 1.98. సీఎన్‌జీ కిలోకు 22 వస్తే 4.05, ఇందులో కేంద్ర ఎక్సైజ్ 14 శాతం, రాష్ట్ర పన్ను రెండూ దాగున్నాయి. ఇంటి కరెంటుతో 95 పైసలు, పన్ను 7 పైసలు. బయట ఛార్జింగ్‌తో 3.37, పన్ను 51 పైసలు.

3.25 పక్కన 7 పైసలు చూడండి. ఇంత తేడా ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేను అనుకోను. పెట్రోల్, డీజిల్ పన్నులు రాష్ట్రాల ఖజానాకు పెద్ద ఆదాయం. బళ్ళు కరెంటుకు మారేకొద్దీ ఆ ఆదాయాన్ని ఇంకో దారిలో రాబట్టుకోక తప్పదు.

కరెంటు బిల్లు దగ్గర తొందరపడకండి

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బెస్కాం ఇంటి బిల్లు తీసి ముందు పెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి యూనిట్ 5.80, వాడకం ఎంతైనా ఒకటే రేటు. దాని మీద 9 శాతం విద్యుత్ పన్ను. పింఛను, గ్రాట్యుటీ కింద యూనిట్‌కు 36 పైసల సర్‌ఛార్జ్. ఈ మూడూ కలిస్తే 6.68. ఇవి కాక ఇంధన సర్దుబాటు ఛార్జీ నెలనెలా మారుతుంది. కరెంటు మీద జీఎస్‌టీ లేదు.

వీటన్నిటి పైన ఫిక్స్‌డ్ ఛార్జ్, శాంక్షన్ అయిన లోడ్ మీద నెలకు కిలోవాట్‌కు 145 రూపాయలు. కారు ఛార్జర్ కోసం 3 కిలోవాట్ల లోడ్ పెంచుకుంటే నెలకు 435 అదనం, కారు కదిలినా కదలకపోయినా. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఇది కిలోమీటరుకు 43 పైసలు. వర్క్ ఫ్రం హోమ్ చేస్తూ నెలకు 300 తిరిగేవాళ్ళకు రూపాయి 45 పైసలు, అంటే కరెంటు ఖరీదు కంటే ఎక్కువ. స్కూటర్‌కు మామూలు ప్లగ్ చాలు, లోడ్ పెంచాల్సిన పని సాధారణంగా రాదు.

ఇక గృహజ్యోతి, అంటే కర్ణాటక ఉచిత కరెంటు పథకం. 2023లో మొదలైన ఈ పథకంలో ఇంటి ఏడాది సగటు వాడకానికి 10 శాతం కలిపి ఉచిత కోటా ఇచ్చారు, గరిష్ఠంగా 200 యూనిట్లు. కోటా దాటి 200 లోపల ఉంటే దాటిన యూనిట్లకే డబ్బు. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలి. మీ ఇంట్లో నెలకు 130 యూనిట్లు వాడుతూ సున్నా బిల్లు వస్తోందనుకోండి. స్కూటర్ కొని నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే 20 యూనిట్లు పెరిగి 150 అవుతుంది. కోటా 140 అయితే కట్టేది పది యూనిట్లకు. టెన్షన్ లేదు. కారు కొని 1000 కిలోమీటర్లు తిరిగితే 143 యూనిట్లు పెరిగి 273. ఉచితం పోయింది. 3 కిలోవాట్ల ఇంటికి బిల్లు 2,250 దాటుతుంది. నిన్నటిదాకా సున్నా కాబట్టి ఆ మొత్తం కారు ఖాతాలోనే రాయాలి. కిలోమీటరుకు 2.26 పడింది. పెట్రోల్ కంటే చాలా తక్కువే, కానీ షోరూమ్‌లో విన్న "కిలోమీటరుకు రూపాయి" మాత్రం కాదు.

దీనికి ఒక దారి ఉంది. బండికి విడిగా ఈవీ కనెక్షన్ తీసుకోవచ్చు. ఈవీ ఛార్జింగ్‌కు కేఈఆర్‌సీ (రాష్ట్రంలో కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్) వేరే టారిఫ్ పెట్టింది, 2024లో యూనిట్‌ను 4.50కి తగ్గించింది. ఇంటి మీటర్ మీద గృహజ్యోతి అలాగే ఉంటుంది. కొత్త మీటర్‌కు దాని ఫిక్స్‌డ్ ఛార్జ్ విడిగా ఉంటుంది కాబట్టి నెలకు 700, 800 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్ళకే ఇది నేను చెప్తాను. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ యూనిట్‌కు ఎంత తీసుకుంటుందో బండి బుక్ చేయకముందే కాగితం మీద రాయించుకోండి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో రెండు బ్లాకుల్లో రెండు రేట్లు నడుస్తున్నాయి.

పండక్కి ఊరికెళ్ళి అమ్మవాళ్ళింట్లో ప్లగ్ పెట్టేవాళ్ళకు ఒక మాట. ఆంధ్రలో ఇంటి కరెంటుకు శ్లాబులున్నాయి. 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 8.75. వేసవిలో ఏసీ నడిచే ఇంట్లో మీ కారు యూనిట్లన్నీ ఆ పై శ్లాబులోనే పడతాయి. ఆ నెల బిల్లు మీరు కట్టండి.

బయట ఛార్జింగ్‌కు 18 శాతం జీఎస్‌టీ ఎందుకని చాలామంది అడుగుతారు. కరెంటు అమ్మితే జీఎస్‌టీ లేదు కదా అని. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదు, సేవ అని స్పష్టం చేసింది. ఛార్జింగ్ స్టేషన్‌కు లైసెన్సు అక్కర్లేకుండా చేయడానికి అది మంచి నిర్ణయమే. కానీ సేవ అనగానే జీఎస్‌టీ వచ్చి కూర్చుంది. 2023లో మైసూరు విద్యుత్ సంస్థ చాముండేశ్వరి అడిగిన ప్రశ్నకు జీఎస్‌టీ సందేహాలకు ముందుగా తీర్పు చెప్పే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా ఇదే తీర్పు ఇచ్చింది. ఇంట్లో పార్కింగ్ ఉన్నవాడు కట్టే పన్ను కంటే పార్కింగ్ లేక బయట ఛార్జ్ చేసుకునేవాడు యూనిట్‌కు ఏడు రెట్లు ఎక్కువ పన్ను కడుతున్నాడు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళ మీద ఇది అన్యాయమైన భారం. దీన్ని 5 శాతానికి తేవాలన్నది నా అభిప్రాయం.

కొనే ధరలో పన్ను, ఆ తర్వాత మూడుసార్లు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్‌టీ 18 శాతం, పెద్దవాటి మీద 40. కరెంటు బళ్ళకు 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. కర్ణాటక జీవితకాల పన్ను పెట్రోల్, డీజిల్ కార్లకు 5 నుంచి 10 లక్షల మధ్య 14 శాతం, 20 లక్షల దాకా 17, ఆ పైన 18. ఆ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు. 2025 చివరినాటికి కరెంటు కార్లకు ఈ పన్ను లేదు, 25 లక్షలు దాటినవాటికి మాత్రం 2024 మార్చి సవరణతో 10 శాతం వచ్చింది. ఇలాంటి మినహాయింపులు బడ్జెట్‌కో రకంగా మారతాయి. బుక్ చేసే రోజు కొటేషన్‌లో ఆర్‌టీఓ పన్నును విడి లైనులో రాయించుకోండి.

ఒక ఉదాహరణ. పెట్రోల్ కారు ఎక్స్‌షోరూమ్ 8 లక్షలు, కరెంటు కారు 11 లక్షలు. పెట్రోల్ కారుకు జీవితకాల పన్ను, సెస్సు కలిసి 1,24,320. కరెంటు కారుకు సున్నా. తేడా 3 లక్షల నుంచి 1,75,680కి తగ్గిపోయింది. ఈ డబ్బు ఎన్ని కిలోమీటర్లలో తిరిగొస్తుందో మూడు రకాలుగా వేయండి.

మొదటిది, ఇవాళ్టి పన్నులతో. ఇంట్లో ఛార్జ్ చేస్తే కిలోమీటరుకు 6.40 మిగులుతుంది. 27,500 కిలోమీటర్లలో తేడా తిరిగొస్తుంది. పూర్తిగా బయట ఛార్జ్ చేస్తే 44,000.

రెండోది, పన్నులే లేవనుకుని. పెట్రోల్ కారు అసలు ధర 6.78 లక్షలు, కరెంటు కారుది 10.48 లక్షలు, తేడా 3.70 లక్షలు. పన్ను తీసేస్తే పెట్రోల్ కిలోమీటరుకు 4.10, ఇంటి కరెంటు 88 పైసలు, మిగిలేది 3.22. ఇప్పుడు తేడా తిరిగి రావడానికి 1,15,000 కిలోమీటర్లు కావాలి. 27 వేలు లక్షా పదిహేను వేలైంది. ఈ మధ్యలో ఉన్నదంతా ప్రభుత్వం ఇస్తున్న ప్రోత్సాహమే.

మూడోది నేను అసలు నమ్మే లెక్క. కొనేటప్పుడు మిగిలిన జీఎస్‌టీ, రోడ్డు పన్ను మీ చేతికి వచ్చేశాయి, వాటిని ఎవరూ వెనక్కి అడగరు. ఇంధనం మీది పన్ను తేడా మాత్రం రేపు పోవచ్చు. అందుకని కొనే ధరలో ఇవాళ్టి తేడా 1,75,680 పెట్టి, నడిపే ఖర్చులో పన్ను లేని 3.22 వేయండి. దాదాపు 55,000 కిలోమీటర్లు వస్తుంది. బండి మీ దగ్గర ఉండే కాలంలో ఈ అంకె దాటి తిరుగుతారంటే ధైర్యంగా కరెంటు కారు తీసుకోండి, ఏ బడ్జెట్ వచ్చినా మీరు నష్టపోరు. హోసకోట నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ పోయొచ్చేవాళ్ళు మూడు నాలుగేళ్ళలోనే దాటేస్తారు. ఏడాదికి నాలుగు వేలు తిరిగేవాళ్ళు పెట్రోల్ కారుతోనే ఉండటం మంచిది, షోరూమ్‌వాళ్ళు ఏం చెప్పినా సరే.

హైబ్రిడ్ గురించి రెండు మాటలు. పెట్రోల్ ఇంజన్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటార్ ఉన్నా దాని శక్తి అంతా పెట్రోలే, నాలుగు మీటర్ల పొడవు దాటిన కార్లకు జీఎస్‌టీ 40 శాతం, రోడ్డు పన్ను మినహాయింపు లేదు. ట్రాఫిక్‌లో 22 మైలేజ్ ఇస్తే కిలోమీటరుకు 4.70, అంటే సీఎన్‌జీకి కాస్త పైన. ఛార్జింగ్ చోటు లేక, ఎక్కువ తిరిగే కుటుంబానికి సరిపోతుంది. ఆటోల్లో వాడే ఎల్‌పీజీ మాత్రం జీఎస్‌టీ కిందే ఉంది, 18 శాతం. హైడ్రోజన్ కిలోలో 33 యూనిట్ల శక్తి ఉంటుంది, దాన్ని నీటి నుంచి తీయడానికి 50కి పైగా యూనిట్ల కరెంటు కావాలి. సొంత కారుకు ఇప్పట్లో దాని లెక్క అక్కర్లేదు.

వ్యాపారానికి కొనేవాళ్ళ లెక్క వేరు

కేఆర్ పురంలో హార్డ్‌వేర్ షాపు నడిపే ఒక అన్న, మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడిపే ఇంకో అన్న ఒకే వారంలో ఒకే ప్రశ్నతో వచ్చారు. "అక్కా, డీజిల్ ట్రాలీ ఆటో మూడున్నర లక్షలు, కరెంటుది నాలుగున్నర అంటున్నారు. ఏది తీసుకోమంటావ్?" ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేం.

హార్డ్‌వేర్ అన్న మామూలు జీఎస్‌టీలో ఉన్నాడు. సరుకు మోసే బండి మీద కట్టిన జీఎస్‌టీ అతనికి క్రెడిట్‌గా తిరిగొస్తుంది (అతను కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గుతుంది), డీజిల్ బండి మీద 18 శాతమైనా, కరెంటు బండి మీద 5 శాతమైనా. అంటే కరెంటు బండికి జీఎస్‌టీ 5 శాతమే ఉండటం అతనికి లాభమే కాదు. క్రెడిట్ తీసేస్తే ధరలు 2.97 లక్షలు, 4.29 లక్షలు. అతనికి అసలు తేడా లక్ష కాదు, 1.32 లక్షలు. నడిపేటప్పుడు కథ తిరగబడుతుంది. డీజిల్‌లో ఉన్న ఎక్సైజ్‌కు గానీ రాష్ట్ర పన్నుకు గానీ ఏ క్రెడిట్టూ రాదు, 25 మైలేజ్‌తో కిలోమీటరుకు 3.64 పూర్తిగా ఖర్చే. బయట ఛార్జింగ్ మీద కట్టిన 18 శాతం మాత్రం బిల్లు మీద అతని జీఎస్‌టీ నంబర్ ఉంటే తిరిగొస్తుంది. యూనిట్‌కు 10 కిలోమీటర్లు పోయే బండికి 2 రూపాయలు పడుతుంది. షాపు మీటర్ మీద అన్నీ కలిపి యూనిట్ 9 పడితే 90 పైసలు. షాపులోనే ఛార్జ్ చేస్తే 48,000 కిలోమీటర్లలో తేడా వచ్చేస్తుంది, బయట చేస్తే 80,000. రోజూ వైట్‌ఫీల్డ్ దాకా డెలివరీ ఉన్న షాపు అది. షాపు వెనక ఛార్జింగ్ పెట్టుకుని కరెంటు బండే తీసుకోమన్నాను.

కర్రీ పాయింట్ అన్న హోటల్ లెక్కలో 5 శాతం జీఎస్‌టీ కడతాడు, దాంట్లో క్రెడిట్ తీసుకునే వీల్లేదు. అతనికి కొనే తేడా లక్షే, బయట ఛార్జింగ్ 2.36. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు క్రెడిట్ లేకుండా అమ్మకాల మీద కొద్ది శాతం కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్ళకూ ఇదే లెక్క. అతను బండి రోజంతా పీజీలకు క్యారియర్లు వేయడానికే వాడినా తిరిగేది తక్కువ. షాపు మీటర్ ఓనర్ పేరు మీద ఉంది, ఛార్జింగ్‌కు ఓనర్ ఒప్పుకోలేదు. బయట ఛార్జింగ్‌తో 78,000 కిలోమీటర్లు తిరిగితే గానీ లక్ష రాదు. అతన్ని డీజిల్‌లోనే ఉండమన్నాను.

ఇన్‌కమ్ టాక్స్‌లో తరుగుదల, అంటే ఏటా తగ్గే బండి విలువను ఖర్చుగా చూపించుకోవడం కూడా చూడండి. వ్యాపారానికి వాడే మామూలు బండికి ఏడాదికి 15 శాతం, కరెంటు బండికి 40 శాతం. బండి పేరు వ్యాపారం పుస్తకాల్లో ఉండాలి, సొంత పేరు మీద కొని వ్యాపారానికి వాడితే ప్రతి ఏడాదీ ఆడిటర్‌తో వాదన తప్పదు. ప్రయాణికుల కారు కొని జీఎస్‌టీ క్రెడిట్ అడిగేవాళ్ళకు ఒక్క మాట. టాక్సీ తిప్పేవాళ్ళకు, డ్రైవింగ్ స్కూల్‌వాళ్ళకు, కార్లు అమ్మేవాళ్ళకు తప్ప 13 సీట్ల దాకా ఉన్న కార్లకు ఆ క్రెడిట్ రాదు. కరెంటు కారైనా అంతే.

కొటేషన్ చేతికొచ్చాక

ఇప్పటికీ కొన్ని షోరూమ్‌లలో "లోన్ వడ్డీ మీద లక్షన్నర టాక్స్ మినహాయింపు వస్తుంది" అని చెప్తున్నారు. అది 80ఈఈబీ సెక్షన్. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు శాంక్షన్ అయిన లోన్లకే, అదీ పాత పన్ను విధానంలోనే. ఇవాళ తీసుకునే లోన్‌కు రాదు. ఆ మినహాయింపును కలిపి చూపించిన కాగితాన్ని పక్కన పెట్టి కొత్తది అడగండి. కరెంటు బళ్ళకు కేంద్రం ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ కూడా సొంత కార్లకు లేదు.

న్యాయంగా మీకు రావలసినవి రెండున్నాయి, వాటిని వదలొద్దు. కరెంటు బండికి ఆర్‌సీ జారీ ఫీజు 2021 నుంచి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో 2022 నిబంధనల ప్రకారం కరెంటు బళ్ళకు 15 శాతం, హైబ్రిడ్‌కు 7.5 శాతం తగ్గింపు ఉంది. ఇన్సూరెన్స్ కాగితంలో థర్డ్ పార్టీ లైను విడిగా ఉంటుంది. దాన్ని అదే సైజు పెట్రోల్ బండి ప్రీమియంతో పోల్చి చూసి, తగ్గించకపోతే అక్కడే అడిగి సరిచేయించుకున్నాకే డబ్బు కట్టండి.